వెతికితే దొరకని వృద్ధాప్యం

పరిశోధనలు జరుగుతున్నాయి, సర్వేలు వస్తున్నాయి. వాటిని అవసరమైనవారి చేతికి అందించే సూచిక మాత్రం మన దగ్గర లేదు.

అరవై రెండేళ్ల మనిషి వృద్ధుల లెక్కలోకి వస్తారా, నడివయసు వారి లెక్కలోకి వస్తారా? భారత చట్టాన్ని అడిగితే సందేహమే లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం 60 నిండినవారంతా సీనియర్ సిటిజన్లే. వైద్య పరిశోధనలు వెతకడానికి ప్రపంచమంతా వాడే పబ్‌మెడ్‌ను అడిగితే మాత్రం జవాబు మారిపోతుంది. అందులో వయసును బట్టి ఫలితాలను వడపోసే చోట 'ఏజ్డ్' అంటే 65, ఆపైన. 45 నుంచి 64 వరకు 'మిడిల్ ఏజ్డ్'. శ్రీకాకుళంలో వృద్ధాప్య పింఛను అందుకుంటున్న 62 ఏళ్ల మహిళ, ఆ డేటాబేస్ దృష్టిలో ఇంకా నడివయస్కురాలే.

సరదాగా చెప్పుకుని వదిలేయదగ్గ తేడా కాదిది. వృద్ధాప్యం మీద ఏ పరిశోధన ఎవరికి కనిపిస్తుంది, ఏది కనిపించకుండా పోతుంది అన్నది ఇలాంటి చిన్న చిన్న గళ్లలోనే తేలిపోతోంది. 2011 జనగణన నాటికి దేశంలో 60 దాటినవారు 10 కోట్ల పైచిలుకు. జనాభా అంచనాల ప్రకారం 2036 నాటికి వారు దాదాపు 23 కోట్లవుతారు. ఇంతమందికి మందులు రాసేవారు, పథకాలు రూపొందించేవారు, ఇళ్లలో సేవ చేసేవారికి శిక్షణనిచ్చేవారు ఏ ఆధారాల మీద నిర్ణయాలు తీసుకోవాలి? ఆ ఆధారాలను వెతికే చోటే సరిగా లేకపోతే, పరిశోధన ఎంత జరిగినా వృథాయే.

ఒక్క జారిపాటు, నాలుగు అలమరలు

స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవారు లేని వీధి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం కిందపడటం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో 60 దాటినవారి వాటా ఎక్కువ. ఒక జిల్లా ఆసుపత్రి వైద్యురాలు తన ప్రాంతంలో ఈ ప్రమాదాలు తగ్గించడానికి ఏం చేయవచ్చో తెలుసుకోవాలనుకుంటే ఎక్కడ వెతకాలి?

ఎముకల బలహీనత, రక్తపోటు మందుల వల్ల కళ్లు తిరగడం వంటి విషయాలు పబ్‌మెడ్‌లో ఉంటాయి. మంచం దిగేటప్పుడు రోగిని ఎలా పట్టుకోవాలన్నది నర్సింగ్ పరిశోధనలకు ప్రత్యేకించిన సినాల్‌లో దొరుకుతుంది. ఒకసారి పడ్డాక పట్టుకునే భయం, ఆ భయంతో నడకే మానేయడం గురించి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నడిపే సైక్‌ఇన్‌ఫోలో చూడాలి. పిల్లలు దూరాన ఉండగా ఒంటరిగా బతకడం, ఇంటి కట్టుబడి, సంరక్షణ ఖర్చు లాంటి సామాజిక కోణాలు ఏజ్‌లైన్‌లో ఉంటాయి. జెరంటాలజీ అంటే వృద్ధాప్య శాస్త్రం. జీవకణంలో జరిగే మార్పుల నుంచి పింఛను పంపిణీ దాకా అన్నీ దాని పరిధిలోనివే. అందుకే దాని సమాచారం ఒకే అలమరలో ఇమడదు.

కణ స్థాయి వృద్ధాప్యాన్ని చదివేవారి పరిస్థితి కొంత మెరుగు. హ్యూమన్ ఏజింగ్ జీనోమిక్ రిసోర్సెస్ అనే ఉచిత వనరులో మనిషి వృద్ధాప్యంతో సంబంధం ఉండవచ్చని భావిస్తున్న 300కు పైగా జన్యువుల వివరాలు ఎవరైనా చూడవచ్చు. జన్యువుకు దేశం హద్దు లేదు, వాటి పేర్లు అన్ని భాషల్లోనూ ఒకటే. మనిషి ముసలివాడయ్యే తీరు అలా కాదు. అది ఊరిని బట్టి, భాషను బట్టి, ఇంట్లో ఎందరున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. సమాచారం దొరకనిది సరిగ్గా ఈ భాగంలోనే.

సామాజిక వృద్ధాప్యానికి అత్యంత ఉపయోగపడే ఏజ్‌లైన్ కథ గమనించదగ్గది. అమెరికాలో 50 దాటినవారి కోసం పనిచేసే ఏఏఆర్‌పీ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. ప్రధానంగా 1978 నుంచి వచ్చిన పుస్తకాలు, పత్రాలు, నివేదికల వివరాలు అందులో ఉన్నాయి. కొన్నేళ్లు అది ప్రజలకు ఉచితంగానే అందింది. తరువాత ఎబ్‌స్కో అనే వ్యాపార సంస్థ చేతికి వెళ్లి చందా కట్టినవారికే పరిమితమైంది. ఒక సంస్థ సద్బుద్ధి మీద మాత్రమే ఆధారపడిన సూచిక ఎంతకాలం తెరిచి ఉంటుందో చెప్పలేమనడానికి ఇదొక ఉదాహరణ.

ముద్ర పడని పత్రాలు

తిరిగి పబ్‌మెడ్ వయసు గడి దగ్గరకు వస్తే, 60 దాటిన వారందరిపై జరిగిన అధ్యయనం 65 గీత వల్ల పూర్తిగా మాయమైపోదు. అందులో 65 దాటినవారూ ఉంటారు కనుక 'ఏజ్డ్' ముద్ర కూడా పడుతుంది. అసలు చిక్కు ఆ ముద్ర ఎవరికి పడుతుందన్న దగ్గర ఉంది.

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్‌లో 3.7 కోట్లకు పైగా పత్రాల వివరాలున్నాయి. వాటిలో పెద్ద భాగం మెడ్‌లైన్ అనే విభాగానిది. 5,200కు పైగా ఎంపిక చేసిన జర్నళ్లు దాని కిందికి వస్తాయి. వాటిలో వచ్చే ప్రతి పత్రానికీ 'మెష్' అనే పదకోశం నుంచి విషయ శీర్షికలు జోడిస్తారు. రోగం పేరు, మందు పేరు, అధ్యయనంలో పాల్గొన్నవారి వయసు వర్గం అన్నీ ఆ శీర్షికలే. ఒకప్పుడు నిపుణులు పత్రాన్ని చదివి వేసిన ఈ ముద్రలను 2022 నుంచి పూర్తిగా కంప్యూటర్ ప్రోగ్రాములే వేస్తున్నాయి. వయసు గడి పనిచేసేది ఈ ముద్రల ఆధారంగానే.

మెడ్‌లైన్‌లో చోటు దక్కిన భారతీయ జర్నళ్లు కొన్ని పదులు మాత్రమే. దేశంలో వెలువడే చాలా వైద్య జర్నళ్లు పూర్తి పాఠాలను భద్రపరిచే పబ్‌మెడ్ సెంట్రల్ దారిలో పబ్‌మెడ్‌కు చేరతాయి. వాటి పత్రాలు పేరుకు పబ్‌మెడ్‌లో ఉంటాయి గానీ వాటికి మెష్ ముద్ర ఉండదు. కాబట్టి పరిశోధకులు 'ఏజ్డ్' గడిలో టిక్కు పెట్టిన మరుక్షణం అవన్నీ జాబితా నుంచి రాలిపోతాయి. పత్రం శీర్షికలోనే వృద్ధులని రాసి ఉన్నా ప్రయోజనం లేదు. గడి చూసేది ముద్రను, శీర్షికను కాదు. వెతికినవారికి తాము ఏం పోగొట్టుకున్నారో తెలిసే అవకాశం కూడా ఉండదు. తెర మీద వచ్చిన వందల ఫలితాలు చూసి, ఉన్నవన్నీ వచ్చేశాయనే అనుకుంటారు.

వైద్య మార్గదర్శకాలు తయారయ్యే పద్ధతి గుర్తు చేసుకుంటే ఈ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ముందు డేటాబేస్‌లలో వెతుకుతారు. దొరికిన పత్రాలను వడపోస్తారు. మిగిలినవాటిని కలిపి సమీక్ష రాస్తారు. ఆ సమీక్షల మీద ఆధారపడి మార్గదర్శకాలు వస్తాయి. వాటిని బట్టి వైద్యులు చికిత్స చేస్తారు. మొదటి వలలో పడని చేప కూరలోకి రాదు. ఒక మంచి భారతీయ అధ్యయనం తొలి మెట్టులోనే తప్పిపోతే తరువాతి మెట్లలో దాన్ని వెనక్కి తెచ్చేవారు ఎవరూ ఉండరు.

మనవాళ్ల మీద అధ్యయనం మనకెందుకు?

విదేశీ పరిశోధన ఉండగా భారతీయ పరిశోధన దొరకకపోతే ఏమిటన్న ప్రశ్న సహజమే. దానికి మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, చక్కటి సమాధానం చెబుతుంది.

డిమెన్షియా గుర్తించడానికి 1975లో అమెరికాలో రూపొందిన ఎంఎంఎస్ఈ పరీక్షను ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్నారు. అందులో రోగిని ఒక వాక్యం రాయమంటారు, ఒక బొమ్మ చూసి గీయమంటారు. జీవితంలో పలక పట్టని అవ్వకు ఆ పరీక్ష పెడితే, జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉన్నా మార్కులు పోతాయి. ఈ ఇబ్బంది గమనించి 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో భారత్, అమెరికా పరిశోధకులు కలిసి చదువురాని గ్రామీణులకు సరిపడేలా హిందీ పరీక్షను తయారుచేశారు. ఆ పని ఉందని తెలియని వైద్యులు ఆరోగ్యంగా ఉన్నవారికి రోగం అంటగట్టే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లో జరిగిన మరో అధ్యయనం దీనికి అవతలి వైపు చూపిస్తుంది. నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పరిశీలించారు. ఒక్క భాషే వచ్చినవారితో పోలిస్తే రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో న్యూరాలజీ జర్నల్‌లో ప్రకటించారు. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలు వచ్చినవారు తరచూ వలస వచ్చినవారై ఉంటారు. కాబట్టి ఫలితం భాషదా, వలసదా అన్న సందేహం మిగిలిపోయేది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే హైదరాబాదులో ఆ చిక్కు లేదు. అందరికీ కనిపించే జర్నల్‌లో వచ్చింది కనుక ఈ పని ప్రపంచమంతా చర్చకు వచ్చింది. అదే పని ముద్ర పడని జర్నల్‌లో వచ్చి ఉంటే నిజం మారేది కాదు గానీ, దాన్ని ఎందరు చదివి ఉండేవారన్నది అనుమానమే.

ఈ అసమానతను పేరుగానే పెట్టుకున్న పరిశోధక బృందం ఒకటుంది. 1998లో మొదలైన '10/66' బృందం డిమెన్షియా మీద పనిచేస్తుంది. రోగుల్లో 66 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉంటే, జనాభా ఆధారిత పరిశోధనల్లో 10 శాతం కూడా ఆ దేశాల్లో జరగడం లేదన్నదే ఆ పేరుకు అర్థం. చెన్నై, వెల్లూరుల్లో కూడా ఈ బృందం అధ్యయనాలు చేసింది. అప్పట్లో కొరత పరిశోధనకే. ఇప్పుడు పరిశోధన పెరిగింది, దాన్ని పట్టి చూపే సూచిక పెరగలేదు.

డేటా ఉంది, దారి లేదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో విడిగా ప్రశ్నించేది 15 నుంచి 49 ఏళ్ల మహిళలను, 15 నుంచి 54 ఏళ్ల పురుషులను. వృద్ధులు ఆ ప్రశ్నల పరిధిలోనే లేరు. ఈ లోటును లాసీ సర్వే పూడ్చింది. లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియాకు అది పొట్టి పేరు. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నేతృత్వంలో 2017-18లో మొదలైన తొలి విడతలో 45 దాటినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72,250 మందిని కలిశారు. వారిలో 31,464 మంది 60 దాటినవారు. 2021 జనవరిలో నివేదిక వచ్చింది. 60 దాటినవారిలో సుమారు 7.5 కోట్ల మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని అప్పుడే తెలిసింది. దానికి అనుబంధంగా జరిగిన డిమెన్షియా అధ్యయనం, దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఆ జబ్బు ఉండవచ్చని 2023లో అంచనా వేసింది.

లాసీ డేటాను పరిశోధకులు దరఖాస్తు చేసుకుని పొందవచ్చు. ఇది మెచ్చుకోదగ్గ విషయం. అయితే ఆ డేటా మీద వచ్చిన పత్రాలు, అంతకుముందు రాష్ట్రాల్లో జరిగిన చిన్న అధ్యయనాలు, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు, ప్రభుత్వ నివేదికలు ఎవరికి వారే అన్నట్టు చెల్లాచెదురుగా ఉన్నాయి. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి.వి. రామమూర్తి ఆధ్వర్యంలో వృద్ధాప్య పరిశోధన కేంద్రం దశాబ్దాల క్రితమే పనిచేసింది. ఇండియన్ జర్నల్ ఆఫ్ జెరంటాలజీ 1969 నుంచి జైపూర్ కేంద్రంగా వెలువడుతోంది. ఈ రంగంలో మనం నిన్న మొన్న అడుగుపెట్టినవాళ్లం కాదు. పాత పని ఎక్కడుందో కొత్తవారికి చూపే జాబితా లేకపోవడం వల్ల కొత్తవారిలా కనిపిస్తున్నాం.

ప్రయత్నాలు అసలు లేకపోలేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఇండ్‌మెడ్ పేరుతో భారతీయ వైద్య జర్నళ్లకు 1985 నుంచి వచ్చిన పత్రాలతో ఒక సూచికను నిర్మించాయి. అది నిలదొక్కుకోలేదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగలో లక్షల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా ఉన్నాయి. కాకపోతే వాటికి విషయ పదాలు జోడించేది ఎక్కడికక్కడ విశ్వవిద్యాలయాలే. ఒకరు 'ఓల్డ్ ఏజ్' అంటే మరొకరు 'సీనియర్ సిటిజన్స్' అంటారు, ఇంకొకరు 'జెరియాట్రిక్' అని రాస్తారు. తెలుగులో రాసినవైతే వృద్ధులు, వయోధికులు, ముసలివారు, పండుటాకులు. ఒక్క మాటతో వెతికితే మిగతావి రావు. ఈ మాటలన్నీ ఒకటేనని యంత్రానికి చెప్పే పదకోశం లేనంతవరకు ఈ అవస్థ తప్పదు.

చందా కట్టాం, సరిపోతుందా?

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్య, పరిశోధన సంస్థలకు అందుతాయి. చిన్న పట్టణంలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇది నిజంగా పెద్ద మేలు. అయినా రెండు ఖాళీలు మిగిలాయి. మొదటిది, పత్రాన్ని తెరిచే హక్కు వేరు, ఏ పత్రం తెరవాలో తెలియడం వేరు. తాళంచెవి ఇచ్చారు గానీ ఏ గదిలో ఏముందో చెప్పే జాబితా ఇవ్వలేదు. రెండోది, వృద్ధులతో రోజూ గడిపేవారిలో చాలామంది ఈ సంస్థల్లో లేరు. జిల్లా ఆసుపత్రి వైద్యులు, వృద్ధాశ్రమాల నిర్వాహకులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, ప్రైవేటు నర్సింగ్ కళాశాలల విద్యార్థులు తొలి దశకు బయటే ఉన్నారు.

అందరికీ తలుపు తెరవడం మన దేశానికి కొత్త కాదు. 2007లో భారత వైద్య పరిశోధన మండలి డబ్బు చెల్లించి, దేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ కోక్రేన్ లైబ్రరీ సమీక్షలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఏ సంస్థకు చెందినవారని అడగలేదు. వృద్ధాప్య పరిశోధనకూ అదే ఉదారత కావాలి.

చేయాల్సిన పని ఊహకు అందనంత పెద్దదేమీ కాదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్, వైద్య పరిశోధన మండలి, జనాభా శాస్త్రాల సంస్థ కలిసి భారతీయ వృద్ధాప్య పరిశోధనకు ఒక ఉచిత సూచికను మొదలుపెట్టవచ్చు. అందులో జర్నల్ పత్రాలతో పాటు సిద్ధాంత గ్రంథాలు, ప్రభుత్వ నివేదికలు, సర్వే డేటా వివరాలూ ఉండాలి. వయసును 'ఏజ్డ్' అన్న ఒక్క ముద్రతో కాక, పాల్గొన్నవారి కనిష్ఠ, గరిష్ఠ వయసులను అంకెల్లో నమోదు చేయాలి. అప్పుడు 60 కావాలన్నవారికి 60, 80 కావాలన్నవారికి 80 దొరుకుతుంది. ఏ రాష్ట్రం, పల్లెనా పట్నమా, ఏ భాషలో ప్రశ్నించారు, చదువురానివారిని చేర్చారా అన్న నాలుగు వివరాలు జోడిస్తే ఏ విదేశీ డేటాబేస్ ఇవ్వలేని ఉపయోగం దీనికి ఉంటుంది. ప్రతి పత్రానికీ నాలుగు వాక్యాల సారాంశం భారతీయ భాషల్లో ఉంటే అది పరిశోధకులను దాటి ఆశా కార్యకర్త దాకా చేరుతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. మెడ్‌లైన్ అందరినీ చేర్చుకోకపోవడానికి కారణం నాణ్యత. డబ్బు తీసుకుని ఏదైనా ప్రచురించే నకిలీ జర్నళ్లు మన దేశంలో తక్కువేమీ కాదు. తలుపులు బార్లా తెరిస్తే చెత్త కూడా లోపలికి వస్తుంది. ఈ భయం నిజమైనదే. సూచికలో చేర్చడం వేరు, మెచ్చుకోవడం వేరన్న గీత స్పష్టంగా గీయడమే దానికి విరుగుడు. నిపుణుల సమీక్ష జరిగిందా, ఎంతమంది మీద చేశారు, డేటా బయటపెట్టారా అన్నవి పక్కనే కనిపిస్తే చదివేవారు తూకం వేసుకోగలరు. తూకం వేయడానికైనా ముందు వస్తువు కంటపడాలి కదా.

గూగుల్ ఉండగా ఇదంతా ఎందుకన్న వాదనా ఉంది. గూగుల్ స్కాలర్ ఏయే జర్నళ్లను చూస్తుందో, ఏవి వదిలేస్తుందో పూర్తి జాబితా ఇవ్వదు. కాబట్టి అక్కడ వెతికి దొరకలేదంటే, లేదని అర్థం కాదు. ప్రశ్న అడిగితే జవాబు అల్లి ఇచ్చే ఏఐ పరికరాల విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. అవి లేని పత్రాలను కూడా ఉన్నట్టు చూపిన సందర్భాలున్నాయి. పైగా అవి ఆధారపడేది ఇంగ్లిష్‌లో తేలికగా దొరికే సమాచారం మీదే. సూచికలో ఉన్న ఖాళీ వాటి జవాబుల్లోనూ ఖాళీగానే మిగులుతుంది. తేడా అల్లా, ఆ ఖాళీ మీద ధీమాగా నాలుగు వాక్యాలు పేర్చి ఉంటాయి.

ఈ పనికి కావలసిన మనుషులు మన కళాశాలల్లోనే ఉన్నారు. పుస్తకాలు ఇచ్చి తీసుకునే ఉద్యోగిగా మాత్రమే చూస్తున్న లైబ్రేరియన్‌కు విషయ శీర్షికలు, పదకోశాలు, వెతికే పద్ధతులు చదువులో భాగం. విదేశాల్లో మంచి సమీక్షా పత్రం రాసే బృందంలో లైబ్రేరియన్ ఒక సభ్యులు. ఇక్కడ చాలా వైద్య కళాశాలల్లో ఖాళీ అయిన లైబ్రేరియన్ పోస్టును నింపడం అన్నిటికన్నా చివరి పని. ఆ వరుస మారకుండా ఎన్ని కోట్ల చందా కట్టినా ఫలితం సగమే.

లాసీ సర్వే కోసం ఇంటింటికీ వెళ్లినవారికి 72 వేల మందికి పైగా తమ జబ్బులు, అప్పులు, ఒంటరితనం గురించి చెప్పుకున్నారు. రక్తపు చుక్క ఇచ్చారు, చేతి పట్టు ఎంత ఉందో కొలవనిచ్చారు. ఆ సమాచారం తమలాంటివారికి ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుందన్న నమ్మకంతోనే అదంతా చేశారు. వారు చెప్పింది అవసరమైన రోజున అవసరమైనవారికి వెతికిన వెంటనే దొరికినప్పుడే ఆ నమ్మకం నిలబెట్టినట్టు.